గిన్నె అంచుకు నాలుగు చెవులు: తప్పు డైదా, రేకుదా?

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
అందరికీ నమస్కారం. మాది రాయగడలో చిన్న ప్రెస్ షాపు. అల్యూమినియం సర్కిల్స్ (గుండ్రంగా కోసిన రేకులు) కొని, ప్రెస్‌లో పంచ్‌తో డై అనే అచ్చులోకి నొక్కి డబ్బాలు, పాల కేన్లు, లోతు గిన్నెలు లాగుతాం. కొత్త లాట్ సర్కిల్స్ వచ్చినప్పటి నుంచి డబ్బా అంచు సమంగా రావట్లేదు. నాలుగు చోట్ల పైకి లేస్తోంది, వాటి మధ్య నాలుగు చోట్ల కిందికి దిగుతోంది. ట్రిమ్మింగ్‌లో పోయే రేకు బాగా పెరిగింది. కొన్నిటికైతే దిగిన చోట కావలసిన ఎత్తే రావట్లేదు, డబ్బా మొత్తం తుక్కులోకే.

మా మేస్త్రి డై సెంటర్ తప్పిందంటున్నాడు. విశాఖపట్నం పంపి గ్రైండింగ్ చేయించాలంటే వారం పని ఆగిపోతుంది. సర్కిల్స్ ఇచ్చిన వ్యాపారిని అడిగితే రేకు ఫస్ట్ క్లాస్, మీ ప్రెస్సే చూసుకోండి అంటున్నాడు. ముందు పెళ్లిళ్ల సీజన్ ఉంది. టెన్షన్‌గా ఉంది. డై పంపాలా, వద్దా?

డై_మాస్టారు (జయపురం)
బాబూ, నేను ముప్ఫై ఏళ్లకు పైగా డైలు కడుతున్నాను. అంచు ఎగుడుదిగుడు వచ్చిందంటే ముందు చూడాల్సినవి మూడు. పంచ్‌కీ డైకీ మధ్య క్లియరెన్స్ చుట్టూ ఒకేలా ఉందా, ప్రెజర్ ప్యాడ్ సమంగా పట్టుకుంటోందా, సర్కిల్ సరిగ్గా మధ్యలో కూర్చుంటోందా. ఆ సందును ఫీలర్ గేజ్ పెట్టి చూడు. రేకు మీద నెపం వేయడం తేలిక.

లోహం_క్లాసు (బరంపురం)
మాస్టారూ, మీరు చెప్పిన మూడూ చూడాల్సినవే. కానీ వాటిలో తేడా వస్తే అంచు ఒక పక్క లేచి ఎదురు పక్క దిగుతుంది. నాలుగు చోట్ల సమదూరంలో లేవడం డై చేసే పని కాదు. గుండ్రటి డైకి నాలుగు దిక్కులు ఎక్కడివి? ఆ నాలుగు రేకులోంచే రావాలి.

నేను బరంపురంలో మెటలర్జీ పాఠాలు చెబుతాను. ఈ లేచిన చోట్లను మా భాషలో చెవులనే అంటారు, ఇయరింగ్ అని. రేకు లోపల స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు మొగ్గడం వల్ల వస్తాయి. దాన్నే టెక్స్చర్ అంటారు.

గిన్నెల_ప్రెస్ గారూ, డై విప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. ఒక సర్కిల్ మీద మార్కర్‌తో మధ్య నుంచి అంచుకు ఒక గీత గీయండి. గీత మీ వైపు ఉండేలా ప్రెస్‌లో పెట్టి లాగండి. అదే లాట్‌లో ఇంకో సర్కిల్ తీసుకుని, అదే దిశలో గీత గీసి, ఈసారి 45 డిగ్రీలు తిప్పి పెట్టండి. చెవులు గీతతో పాటు తిరిగితే తప్పు రేకుది. తిప్పినా ప్రెస్‌కు అదే వైపున లేస్తే తప్పు డైది.

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
మేడమ్, సర్కిల్స్ కోసే వస్తాయి. అదే దిశ అని రెండు సర్కిల్స్‌కీ ఎలా తెలుస్తుంది?

లోహం_క్లాసు (బరంపురం)
రేకును వెలుతురుకు వాలుగా పట్టుకుని చూడండి. సన్నటి గీతలు ఒకే దిక్కులో కనిపిస్తాయి. మిల్లులో రేకును నలిపి పల్చబరిచే రోలర్ల మీద ఉండే గ్రైండింగ్ గీతలు రేకుకు అంటుకుంటాయి, అవి రోలింగ్ జరిగిన దిశలోనే ఉంటాయి. మీ మార్కర్ గీత వాటి వెంట గీయండి. పాలిష్ చేసిన రేకు కాకపోతే కచ్చితంగా కనబడతాయి.

పాత లాట్ సర్కిల్స్ ఏమైనా మిగిలి ఉంటే వాటినీ ఇదే డైలో లాగి చూడండి. అదే అసలైన పోలిక.

గుణుపురం_స్టూడెంట్
మేడమ్, నేను డిప్లొమా చదువుతున్నాను. స్ఫటికం అంటే ఉప్పు, పంచదారలో చూశాం. రేకులో స్ఫటికాలు ఎక్కడ? నున్నగా ఉంటుంది కదా.

పర్లాకిమిడి_ఇత్తడి
తమ్ముడూ, మీ ఇంట్లో జీఐ బకెట్ (జింక్ పూత ఉన్న ఇనుప బకెట్) ఉంటే దాన్ని చూడు. మీద మంచు పువ్వుల్లా మెరిసే పెద్ద మచ్చలుంటాయే, ఒక్కోటి బొటనవేలంత, అవే జింక్ గ్రెయిన్స్. ఒక్కో మచ్చ ఒక్కో స్ఫటికం. పక్కపక్క మచ్చలు వేరే వేరే మెరుపుతో ఉండటానికి కారణం వాటి దిక్కులు వేరు కావడమే. ఈ మధ్య వచ్చే రేకుల్లో ఆ పువ్వులు కనిపించవు. పూర్వం జింక్‌లో సీసం కలిసేది కాబట్టి పువ్వు పెద్దదిగా పూసేది, ఇప్పుడు తగ్గించేశారు.

ఇత్తడిలో కూడా కనబడతాయి. మా కొట్టు తలుపుకున్న పాత ఇత్తడి గడియ, తరాల తరబడి చేతులు పడీ పడీ, చెమట తినేసి, లోపలి గ్రెయిన్స్ గళ్లుగళ్లుగా బయటపడ్డాయి. కొన్న కొత్తలో అద్దంలా ఉండేదట.

లోహం_క్లాసు (బరంపురం)
భలే చెప్పారు. ల్యాబ్‌లో మేము యాసిడ్‌తో నిమిషంలో చేసేది అక్కడ చెమట ఏళ్ల తరబడి చేసింది. 1863లో షెఫీల్డ్‌లో హెన్రీ సోర్బీ ఉక్కును పాలిష్ చేసి, యాసిడ్‌తో తినిపించి, మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూసింది ఈ గ్రెయిన్స్‌నే.

స్టూడెంట్ బాబూ, అల్యూమినియంలో పరమాణువులు ఘనాకారంలో పేర్చి ఉంటాయి. మూలల్లో ఒక్కొక్కటి, ప్రతి ముఖం మధ్యలో ఒక్కొక్కటి. ఈ పేర్పు ఒక గ్రెయిన్ అంతటా ఒకే దిక్కులో ఉంటుంది, పక్క గ్రెయిన్‌లో వేరే దిక్కులో. లోహం వంగినప్పుడు, సాగినప్పుడు పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎటుబడితే అటు జారవు. పరమాణువులు బాగా దగ్గరగా ఉన్న తలాలు నాలుగు, ఒక్కో తలం మీద జారే దిక్కులు మూడు, మొత్తం పన్నెండు దారులు. రేకును ఏ వైపు లాగితే ఏ దారి తెరుచుకుంటుందనేది ఆ గ్రెయిన్ ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

గ్రెయిన్స్ అన్నీ తలోవైపు ఉంటే ఆ తేడాలు ఒకదానికొకటి కొట్టుకుపోయి రేకు అన్ని వైపులా ఒకేలా సాగుతుంది. కానీ మందపాటి పలకను రోలర్ల మధ్య మళ్లీ మళ్లీ నలిపితే గ్రెయిన్స్ సాగడమే కాదు, లోపలి పరమాణువుల పేర్పు కూడా తిరుగుతుంది. చివరికి గాలివానకు ఒరిగిన వరిచేనులా అన్నీ దాదాపు ఒకేవైపు మొగ్గుతాయి. అప్పుడు రేకుకు నిలువు వేరు, అడ్డం వేరు, మూల వేరు.

గుణుపురం_స్టూడెంట్
అర్థమైంది మేడమ్. కానీ ఒక డౌటు. గిన్నెలకు వాడే సర్కిల్స్ మెత్తగా ఉంటాయి, అంటే ఎనీల్ చేసినవే (వేడిచేసి మెత్తబరచినవే) కదా. ఎనీల్ చేస్తే పాత గ్రెయిన్స్ పోయి కొత్తవి పుడతాయని మా పుస్తకంలో ఉంది. కొత్తవి పుట్టాక పాత దిక్కు ఎందుకు మిగలాలి?

లోహం_క్లాసు (బరంపురం)
ఈ ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగరు. సంతోషం.

ఎనీల్ చేశాక మైక్రోస్కోప్‌లో చూస్తే గ్రెయిన్స్ గుండ్రంగా, ఏ దిక్కూ లేనట్టే కనిపిస్తాయి. ఆకారం చూసి మోసపోవద్దు. ఆకారం వేరు, లోపలి పేర్పు దిక్కు వేరు. అల్యూమినియంలో కొత్తగా పుట్టే గ్రెయిన్స్‌లో ఒక రకానికి బలం ఎక్కువ. ఘనం ముఖం రేకు మీద బల్లపరుపుగా పడుకుని, ఘనం అంచు రోలింగ్ దిశ వెంట ఉండే రకం. దాన్ని క్యూబ్ టెక్స్చర్ అంటారు. వేడిగా రోల్ చేసిన దశలోనే ఆ దిక్కులో ఉన్న చిన్న చిన్న పట్టీలు బతికి ఉంటాయి. ఎనీల్ చేసినప్పుడు అవి చుట్టుపక్కల నలిగిన లోహాన్ని మింగేస్తూ పెరుగుతాయి. కాబట్టి ఎనీలింగ్ పాత దిక్కును తీసేసి, దాని చోట ఇంకో దిక్కును పెడుతుంది.

ఇప్పుడు చెవుల సంగతి. ఎనీల్ చేసిన రేకులో క్యూబ్ ఎక్కువైతే చెవులు రోలింగ్ గీతల వెంట, వాటికి అడ్డంగా వస్తాయి. అంటే 0, 90, 180, 270 డిగ్రీల దగ్గర. ఎనీల్ చేయకుండా చల్లగా బాగా రోల్ చేసిన గట్టి రేకులో చెవులు మూలల్లో, 45 డిగ్రీల దగ్గర వస్తాయి. రెండూ సమంగా కలిస్తే ఒకదాని చెవి ఇంకోదాని లోయలో పడి అంచు దాదాపు సమంగా వస్తుంది. కూల్‌డ్రింక్ కేన్లకు రేకు తయారుచేసే మిల్లులు కష్టపడేది ఈ తూకం కోసమే. వేడి రోలింగ్ తర్వాత కావలసినంత క్యూబ్ పుట్టించి, తర్వాత చల్లటి రోలింగ్‌తో దాన్ని సరిపెడతాయి.

డై_మాస్టారు (జయపురం)
అమ్మా, చదువు బాగుంది. కానీ లోహం ఎటు మొగ్గితే మాత్రం అంచు ఎందుకు లేవాలి? లాగే బలం చుట్టూ ఒకటే కదా.

లోహం_క్లాసు (బరంపురం)
బలం ఒకటే మాస్టారూ. సర్కిల్ అంచు డైలోకి వస్తున్నప్పుడు చుట్టుకొలత తగ్గుతుంది. అక్కడి లోహం కుదించుకుపోతుంది. కుదించుకుపోయిన లోహం ఎక్కడికో పోవాలి. ఎత్తులోకైనా పోవాలి, మందంలోకైనా పోవాలి. మందం మారడానికి ఒప్పుకోని దిక్కులో ఎత్తు పెరుగుతుంది, అదే చెవి. మందం తేలిగ్గా మారే దిక్కులో గోడ దళసరి అవుతుంది, ఎత్తు తగ్గుతుంది. డబ్బాలో చెవి దగ్గర, లోయ దగ్గర అంచు మందం మైక్రోమీటర్‌తో కొలిచి చూడండి, తేడా తెలుస్తుంది.

దీనికి ఒక కొలత ఉంది, ఆర్ విలువ. రేకులోంచి పట్టీ కోసి లాగితే వెడల్పు ఎంత తగ్గింది, మందం ఎంత తగ్గింది అనే నిష్పత్తి. ఒకటి కంటే ఎక్కువైతే రేకు పల్చబడకుండా సాగుతుందని అర్థం, లోతుగా లాగడానికి మంచిది. కార్ల బాడీకి వాడే మెత్తటి ఉక్కులో ఇది 1.5 నుంచి 2 దాకా, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. అల్యూమినియంలో సాధారణంగా ఒకటి కంటే తక్కువే. అందుకే అల్యూమినియం లోతు గిన్నెలకు ఉక్కు కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆర్ విలువ నిలువుకీ, మూలకీ ఎంత తేడా ఉంటే చెవులు అంత పెద్దవి.

సిరొంచ_వైండింగ్ (గడ్చిరోలి జిల్లా)
నమస్తే అన్నలకు, అక్కలకు. మాది సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. వ్యవసాయం ట్రాన్స్‌ఫార్మర్లు, పంపు మోటార్లు రిపేరు చేస్తాను. గిన్నెల వాళ్లకు ఈ దిక్కు గోల కొత్తేమో గానీ మాకు రోజూ అదే బతుకు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు వాడే సీఆర్‌జీవో రేకు మొత్తం ఒకే దిక్కుకు మొగ్గిన రేకు. దాన్ని రోలింగ్ దిశ కోర్ కాలు వెంట ఉండేలా కోయాలి. కొత్త కుర్రాళ్లు రేకు మిగిలిందని అడ్డంగా కోసి పెడతారు. లోడు లేకుండానే కరెంటు ఎక్కువ లాగుతుంది, కోర్ వేడెక్కుతుంది, ఊళ్లో వాళ్లు నన్ను తిడతారు.

మూలల్లో అయస్కాంత ధార మలుపు తిరగాలి కదా, అందుకే అక్కడ రేకులు 45 డిగ్రీల కోతతో అతుకుతాయి. మోటార్ స్టాంపింగ్‌కు మాత్రం ఈ రేకు వాడకూడదు. మోటార్‌లో ధార గుండ్రంగా తిరుగుతుంది, అన్ని దిక్కులూ ఒకేలా ఉండాలి. దానికి దిక్కు లేని సిలికాన్ స్టీల్ వేరే వస్తుంది.

గుణుపురం_స్టూడెంట్
అన్నా, అది కూడా క్యూబేనా?

సిరొంచ_వైండింగ్ (గడ్చిరోలి జిల్లా)
అది మేడమ్ చెప్పాలి తమ్ముడూ. నాకు కోయడమే తెలుసు.

లోహం_క్లాసు (బరంపురం)
కాదు, దాని పేరు గాస్ టెక్స్చర్. అమెరికాలో నార్మన్ గాస్ కనిపెట్టాడు, 1934లో పేటెంట్ వచ్చింది. ఇనుము స్ఫటికంలో ఘనం అంచు వెంట అయస్కాంతం తేలిగ్గా ఎక్కుతుంది, ఒక మూల నుంచి ఎదురు మూలకు పోయే కర్ణం వెంట కష్టంగా ఎక్కుతుంది. గాస్ రేకులో ఘనం అంచు సరిగ్గా రోలింగ్ దిశ వెంట ఉంటుంది. అలా చేయడం ఒక విద్య. మూడు శాతం దగ్గర సిలికాన్ ఉన్న ఉక్కులో మాంగనీస్ సల్ఫైడ్, అల్యూమినియం నైట్రైడ్ లాంటి సన్నటి కణాలు గ్రెయిన్స్ పెరగకుండా పట్టి ఉంచుతాయి. చివరి ఎనీలింగ్‌లో ఆ పట్టు వదిలినప్పుడు గాస్ దిక్కులో ఉన్న కొద్ది గ్రెయిన్స్ మాత్రమే ఒక్కసారిగా ఎదిగి మిగతావాటిని మింగేస్తాయి. సీఆర్‌జీవో రేకు మీద పూత తీసి యాసిడ్‌తో కడిగితే గ్రెయిన్స్ సెంటీమీటర్ల సైజులో కంటికే కనిపిస్తాయి.

సిరొంచ అన్నా, పాత కోర్ రేకులను సుత్తితో సరిచేస్తారా? చేయకండి. కొట్టిన చోట లోపల పడే వత్తిడికే నష్టం పెరుగుతుంది.

సిరొంచ_వైండింగ్ (గడ్చిరోలి జిల్లా)
చెక్క సుత్తి అక్కా, మెల్లగా 🙂

సునాబెడ_రిటైర్డ్
ఈ చర్చ చూసి ఊరుకోలేకపోతున్నాను. నేను సునాబెడలో జెట్ ఇంజన్ల పక్కన ఉద్యోగం చేసి రిటైరయ్యాను. లోపలి విషయాలు చెప్పను, పుస్తకాల్లో ఉన్నదే చెబుతాను.

సుఖోయ్ 30 ఇంజన్ ఏఎల్-31ఎఫ్‌పీ, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ కోరాపుట్ డివిజన్‌లోనే తయారవుతుందని అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో 240 ఇంజన్లకు రక్షణ శాఖ ఒప్పందం కూడా పేపర్లలో వచ్చింది. జెట్ ఇంజన్ టర్బైన్ బ్లేడు ఎదుర్కొనే వేడి వాయువు ఆ బ్లేడు లోహం కరిగే వేడి కంటే కూడా ఎక్కువ. లోపల గాలి గొట్టాలతో చల్లబరుస్తూ నడుపుతారు. ఆ వేడిలో గిర్రున తిరుగుతుంటే బ్లేడు మెల్లమెల్లగా సాగుతుంది. దాన్ని క్రీప్ అంటారు. ఎక్కువగా సాగేదీ, చీలేదీ గ్రెయిన్‌కీ గ్రెయిన్‌కీ మధ్య సరిహద్దుల దగ్గరే.

అందుకని మొదట ఆ సరిహద్దులన్నీ బ్లేడు పొడవునా ఉండేలా పోత పోశారు, అడ్డంగా ఒక్కటీ లేకుండా. తర్వాత సరిహద్దే లేకుండా బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా పోయడం నేర్చుకున్నారు. అచ్చు కింద స్క్రూలా మెలితిరిగిన సన్నటి దారి ఉంటుంది. కింద చాలా గ్రెయిన్స్ మొదలవుతాయి, ఆ మెలికలు దాటేసరికి ఒక్కటే మిగులుతుంది. అదే పైకి ఎదిగి బ్లేడు అవుతుంది. దాని ఘనం అంచు బ్లేడు పొడవు వెంట ఉండాలి. బ్లేడు పోసే నికెల్ మిశ్రమం ఆ దిక్కులో స్ప్రింగులా కాస్త తేలిగ్గా సాగి వెనక్కి వస్తుంది, అందుకే వేడెక్కీ చల్లారీ పగుళ్లు పడటం తగ్గుతుంది. మన హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ ఇలాంటి ఏకస్ఫటిక బ్లేడ్లు 60 చేసి హెలికాప్టర్ ఇంజన్ కోసం హెచ్‌ఏఎల్‌కు ఇచ్చిందని 2021లో డీఆర్‌డీవో ప్రకటించింది.

గుణుపురం_స్టూడెంట్
మావయ్యా, మాకు గ్రెయిన్ చిన్నదైతే లోహం గట్టిదని చెప్పారు. హాల్, పెచ్ సూత్రం. మీరు గ్రెయినే వద్దంటున్నారు!

సునాబెడ_రిటైర్డ్
రెండూ నిజమే నాన్నా. హాల్ 1951లో, పెచ్ 1953లో చెప్పింది మామూలు వేడిలో. చల్లగా ఉన్నప్పుడు సరిహద్దు గోడలా జారుడును ఆపుతుంది, గోడలు ఎక్కువైతే బలం ఎక్కువ. కొలిమి వేడిలో ఆ గోడే మెత్తబడి జారుతుంది. కొళాయి కాస్టింగ్‌కు సన్నటి గ్రెయిన్ కావాలి, టర్బైన్ బ్లేడుకు అసలు వద్దు.

దామన్‌జోడి_ల్యాబ్
గిన్నెల మావయ్యా, మాది దామన్‌జోడి, అల్యూమినా వైపు కెమిస్ట్‌ని. పంచపట్‌మాలి కొండ బాక్సైట్ మా దగ్గర అల్యూమినా పొడి అవుతుంది, లోహం అయ్యేది అంగుల్‌లో, కాబట్టి రేకు గురించి నా మాట కొంచెం దూరం నుంచి విన్నట్టే. రెండు విషయాలు మాత్రం చెప్పగలను.

ఒకటి, పలక పోత పోసేటప్పుడు గ్రెయిన్ సన్నగా రావడానికి టైటానియం, బోరాన్ ఉన్న అల్యూమినియం కడ్డీని కరిగిన లోహంలోకి వదులుతారు. టైటానియం బోరైడ్ కణాల మీద కొత్త గ్రెయిన్స్ మొలుస్తాయి. తుక్కు కరిగించి పోసే చిన్న మిల్లు అది వేయకపోతే పోతలోనే ముతక గ్రెయిన్ ఉంటుంది. పైగా తుక్కులో ఇనుము, సిలికాన్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి, వాటిని బట్టి ఎనీలింగ్‌లో క్యూబ్ ఎంత వస్తుందనేది మారుతుంది.

రెండోది, రేకు రెండు రకాలుగా వస్తుంది. మందపాటి స్లాబును వేడిగా రోల్ చేసి తెచ్చేది ఒకటి. కరిగిన లోహాన్ని నేరుగా రెండు చల్లటి రోలర్ల మధ్యకు పంపి కొద్ది మిల్లీమీటర్ల పట్టీగా తీసేది ఇంకోటి. రెండోదాంట్లో వేడి రోలింగ్ అనే దశే ఉండదు కాబట్టి రెండింటి టెక్స్చర్ ఒకేలా ఉండదు. కాగితం మీద మిశ్రమం అదే, మందం అదే, గట్టిదనం అదే. డైలో పెడితే తేడా.

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
అమ్మాయీ, గ్రెయిన్ ముతకో సన్నమో మేము ఇక్కడే చూడొచ్చా? కాస్టిక్ సోడాతో కనిపిస్తుందని ఎవరో అన్నారు.

దామన్‌జోడి_ల్యాబ్
కనిపిస్తుంది. కానీ జాగ్రత్త మావయ్యా. మాకు రోజూ కాస్టిక్‌తోనే పని, అది కంట్లో పడితే ఏమవుతుందో మాకు తెలుసు. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండా ముట్టొద్దు. నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పాత్ర ప్లాస్టిక్‌దో స్టీలుదో కావాలి, అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నే కరుగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ఆరుబయట చేయండి. పదో వంతు కాస్టిక్ ఉన్న గోరువెచ్చటి నీళ్లలో చిన్న ముక్కను కొద్ది నిమిషాలు ఉంచి, బాగా కడిగితే నల్లటి మసి పూత వస్తుంది, అది తీస్తే ముతక గ్రెయిన్ ఉంటే కంటికే మెరుస్తుంది. సన్నదైతే ఏమీ కనిపించదు, బూడిద రంగే. అదీ ఒక జవాబే.

ఇంటర్నెట్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిపిన మందులు రాసి ఉంటాయి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

పర్లాకిమిడి_ఇత్తడి
మేడమ్ గారూ, ఇలా అడుగుతున్నానని ఏమనుకోకండి, మా గంజాం కంచు సంగతి కూడా ఇదేనా? కంచు కంచాలు కొట్టేవాళ్లు ఎర్రగా కాలినప్పుడే సుత్తి వేస్తారు. చల్లారాక దెబ్బ వేస్తే గాజులా పగులుతుంది. అలాగే తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కత్తుల మీద అలలుంటాయంటారు, అది ఈ టెక్స్చరేనా?

లోహం_క్లాసు (బరంపురం)
రెండూ వేరు. కంచులో తగరం ఇరవై రెండు శాతం దగ్గర ఉంటుంది. ఎర్రటి వేడిలో అది మెత్తటి దశలో ఉంటుంది, సుత్తికి లొంగుతుంది. మెల్లగా చల్లారితే గాజులాంటి పెళుసు దశ పుడుతుంది. అందుకే చివర్లో ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచుతారు, పెళుసు దశ పుట్టే వ్యవధి ఇవ్వకుండా. అది దశల కథ, దిక్కుల కథ కాదు. కోనసముద్రం ఉక్కు అలలు కూడా కార్బైడ్ కణాలు వరసలుగా పేరుకోవడం వల్ల వచ్చేవి. ఇవి వేరే చర్చగా పెట్టండి, తప్పకుండా రాస్తాను. ఇక్కడ పాపం ఒకాయన డబ్బాలు ఆగిపోయి కూర్చున్నారు.

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
కూర్చోలేదు మేడమ్, పరీక్ష చేశాను. మీరు చెప్పినట్టు గీతలు కనిపించాయి, మార్కర్‌తో గీశాను. తిప్పి పెట్టిన సర్కిల్‌లో చెవులు కూడా తిరిగాయి. చెవి సరిగ్గా గీత మీదే లేచింది, దానికి అడ్డంగా ఇంకోటి. పాత లాట్‌వి మూల పడి ఉంటే వాటినీ లాగాను.

కొత్త లాట్: నాలుగు చెవుల ఎత్తు వరసగా 87, 86.5, 85, 85.5 మిల్లీమీటర్లు. లోయల సగటు 80.5.
పాత లాట్: చెవుల సగటు 83.6, లోయల సగటు 82.

మేస్త్రి ఇంకో మాట అంటున్నాడు, రేకుకు సబ్బు రాసి, నల్లబడే దాకా కాల్చి మళ్లీ మెత్తబరిస్తే సరిపోతుందని. చేయమంటారా?

లోహం_క్లాసు (బరంపురం)
చెవుల సగటులోంచి లోయల సగటు తీసి, లోయల సగటుతో భాగిస్తే కొత్త లాట్‌కు 6.8 శాతం, పాత లాట్‌కు రెండు శాతం లోపు. డై అదే, ప్రెస్ అదే, మనిషి అదే. రేకు మారింది. చెవులు గీతల వెంట ఉన్నాయి కాబట్టి క్యూబ్ ఎక్కువైన మెత్తటి రేకు.

సబ్బు పెట్టి కాల్చడం మేస్త్రిలకు తెలిసిన మంచి ఉపాయమే, గట్టి రేకును మెత్తబరచడానికి. ఇది ముందే మెత్తటి రేకు. మళ్లీ కాలిస్తే క్యూబ్ పోదు, గ్రెయిన్ పెరుగుతుంది. లాగినప్పుడు గోడ మీద నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది, అప్పుడు పాలిషింగ్ ఖర్చు కూడా తోడవుతుంది. కొద్దిగా వంచిన, నొక్కిన రేకును కాలిస్తే ఇంకా ప్రమాదం. కొద్ది శాతం మాత్రమే నలిగిన చోట కొత్త గ్రెయిన్స్ తక్కువ పుట్టి, పుట్టినవి విపరీతంగా పెరుగుతాయి.

ఈ లాట్‌ను లోతు డబ్బాలకు వాడకండి. మూతలు, పళ్లేలు, లోతు తక్కువ మూకుళ్లకు వాడితే చెవి కనిపించేంత ఎత్తు రాదు. వ్యాపారితో రేకు మంచిదా చెడ్డదా అని వాదించకండి, ఏ లాట్ అయినా ముందు రెండు మూడు సర్కిల్స్ లాగి చూసి, చెవి ఇంత శాతం లోపు ఉంటేనే తీసుకుంటానని ఆర్డర్ చీటీ మీద రాయించండి. దిక్కులను ఎక్స్‌రేతోనూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోనూ కొలుస్తారు, బొంబాయి ఐఐటీలో దీనికోసమే జాతీయ కేంద్రం ఉంది. మీ పనికి అంత అక్కర్లేదు. పెద్ద మిల్లుల్లోనూ రోజువారీ పరీక్ష ఇదే, కప్పు లాగి అంచు కొలవడం.

డై_మాస్టారు (జయపురం)
అమ్మ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ బాబూ, నీ అంకెలు మళ్లీ చూడు. 87, 86.5 పక్కపక్కన ఉన్నాయి. 85, 85.5 ఎదురు పక్క. రేకు ఒక్కటే తప్పైతే ఎదురెదురు చెవులు సమానంగా లేవాలి. తిప్పి పెట్టినప్పుడు ఎత్తైన రెండు చెవులు ప్రెస్‌కు ఏ వైపు వచ్చాయి?

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
మాస్టారూ... రెండుసార్లూ వెనక వైపే ఎత్తు ఎక్కువ.

డై_మాస్టారు (జయపురం)
చెవులు రేకువి. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ వాలు మాత్రం నీ ప్రెస్‌ది. రేకు వల్ల వచ్చింది తీసేశాక మిగిలింది అదే. డై పంపక్కర్లేదు. సర్కిల్ కూర్చునే లొకేటర్ పిన్నులు చూడు, వెనక వైపు పిన్ను అరిగి ఉంటుంది, సర్కిల్ వెనక్కి జరిగి కూర్చుంటోంది. వెనక వైపు లోహం ఎక్కువైతే అంచు అక్కడే లేస్తుంది. పిన్ను మార్చి, పాత లాట్ సర్కిల్‌తోనే సెట్ చేసుకో. కొత్త రేకుతో సెట్ చేస్తే చెవుల మధ్య వాలు తెలియదు. పాత లాట్‌లో ఎన్ని మిగిలాయి?

గిన్నెల_ప్రెస్ (రాయగడ)
సెట్టింగ్‌కు సరిపడా ఉన్నాయి మాస్టారూ. వెనక పిన్ను చేత్తో కదిపితే ఊగుతోంది. మేస్త్రిని పిలుస్తున్నాను.